చుక్క ఆగే చోటు: డెల్టా డీజిల్ ఇంజన్లకు ఏ టైమింగ్ పద్ధతి?

విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ పంపులు బాగుచేసే షాపులు పక్కపక్కనే ఉంటాయి. ఒకే ఇంజనుకి టైమింగ్ ఎలా పెట్టాలని నాలుగు చోట్ల అడిగితే నాలుగు దారులు చెబుతారు. ఒక మేస్త్రి డెలివరీ వాల్వ్ విప్పి చుక్క చూస్తాడు. పక్క షాపులో డయల్ గేజ్ బయటికి తీస్తారు. ఇంకో చోట ఇంజను స్టార్ట్ చేసి, శబ్దం విని, పంపును వెంట్రుకవాసి తిప్పి బిగిస్తారు. స్కానర్ పట్టుకున్న కుర్రవాడు అసలు టైమింగ్ పెట్టే పనే లేదంటాడు. ఎవరి పద్ధతి వారికి గొప్ప. వీటిలో ఏది నమ్మాలో రైతుకీ తెలియదు, లారీ ఓనరుకీ తెలియదు, చేపల చెరువు మీద జనరేటర్ పెట్టుకున్న ఆసామికీ తెలియదు. డబ్బు మాత్రం వాళ్ళ జేబులోంచే పోతుంది.

ఈ వాదన ఇన్నేళ్ళుగా తెగకపోవడానికి ఒకటే కారణం కనిపిస్తుంది నాకు. ఈ పద్ధతులన్నీ కొలిచేది ఒకే క్షణాన్ని అనుకుంటున్నాం. పంపులో ఒత్తిడి మొదలయ్యే క్షణం వేరు, నోజిల్ సూది లేచే క్షణం వేరు, సిలిండర్‌లో మంట అంటుకునే క్షణం వేరు. ఒక్కో పద్ధతి ఇందులో ఒక్కోదాన్ని పట్టుకుంటుంది. మన ఇంజను చేసే పనికి ఏ క్షణం ముఖ్యమో ముందు తేల్చుకోవాలి. అది తేలితే పద్ధతి ఎంచుకోవడం కష్టం కాదు.

ముందు ఆ మూడు క్షణాల సంగతి. పాతరకం పంపులో ఎలిమెంట్ అనే జత ఉంటుంది: ఒక బ్యారెల్, దాని లోపల కదిలే ప్లంజర్. ప్లంజర్ పైకి లేస్తూ బ్యారెల్ పక్కనున్న రంధ్రాన్ని పూర్తిగా మూసేసిన మరుక్షణం డీజిల్‌లో ఒత్తిడి పుడుతుంది. అక్కడి నుంచి ఆ ఒత్తిడి అల పైపు వెంట నోజిల్ దాకా పోవాలి. డీజిల్‌లో దాని వేగం సెకనుకి సుమారు 1,350 మీటర్లు. అరవై సెంటీమీటర్ల పైపు దాటడానికి 0.45 మిల్లీసెకన్లు కావాలి. నిమిషానికి 1,500 చుట్లు తిరిగే ఇంజను ఒక్క మిల్లీసెకనులో 9 డిగ్రీలు తిరుగుతుంది కనుక, పైపు దాటేసరికే 4 డిగ్రీలు గడిచిపోయాయన్నమాట. తర్వాత, ఈ తరహా ఇంజన్లలో ఒత్తిడి 200 బార్ దాటితేగాని నోజిల్ సూది లేవదు. లేచి స్ప్రే పడ్డాక కూడా డీజిల్ ఆవిరై, వేడిగాలితో కలిసి అంటుకోవడానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది. అది ఇంకో 9 డిగ్రీలు.

మన ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో ప్రయోగాలకు ఎక్కువగా వాడే కిర్లోస్కర్ సింగిల్ సిలిండర్ ఇంజనుకి కంపెనీ పెట్టిన టైమింగ్ టీడీసీకి 23 డిగ్రీల ముందు. పిస్టన్ పైకంటా వచ్చే ముందు 23 డిగ్రీల దగ్గర పంపు రంధ్రం మూసుకోవాలని దాని అర్థం. కాలంలో చూస్తే రెండున్నర మిల్లీసెకన్లు. పైపుకి 4, మండే ఆలస్యానికి 9 పోను, ఒత్తిడి పెరగడానికి పట్టే ఇంకొంత కూడా తీసేస్తే, మంట పిస్టన్ పైకి చేరడానికి కాస్త ముందు అంటుకుంటుంది. 23 అన్న అంకె ఎవరో చేతికొచ్చినట్టు రాసింది కాదని ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. పైపు మారినా, నోజిల్ స్ప్రింగు సడలినా ఆ లెక్క మారుతుందనీ తెలుస్తుంది.

ఇదే పైపును 3,000 చుట్ల మీద చూడండి. పైపులో పోయేది 8 డిగ్రీలవుతుంది; మండే ఆలస్యం అంతే మిల్లీసెకను అనుకుంటే 18 డిగ్రీలు. 600 చుట్ల ఐడ్లింగులో రెండూ కలిపినా 5 డిగ్రీల చిల్లరే. ఎప్పుడూ ఒకే వేగంతో తిరిగే ఇంజనుకీ, క్షణానికో వేగంతో తిరిగే ఇంజనుకీ ఒకే టైమింగ్ పద్ధతి ఎందుకు పనికిరాదో ఇక్కడే తెలుస్తుంది. కృష్ణా డెల్టాలో ఈ రెండు రకాలూ ఉన్నాయి.

1960ల్లో ఏర్పడిన జవహర్ ఆటోనగర్‌కి ఇన్ని రకాల ఇంజన్లు రావడానికి ఊరు ఉన్న చోటే కారణం. మద్రాసు–కలకత్తా రోడ్డు, హైదరాబాదు–మచిలీపట్నం రోడ్డు కలిసేది ఇక్కడే. లారీలు, బస్సుల బాడీలు కట్టేది ఇక్కడే. ప్రకాశం బ్యారేజి కింద కాలువ చివర శివారు భూముల్లో నీరందక, మురుగు కాలువల్లోంచి తోడుకునే ఆయిల్ ఇంజను చెడినా ఇక్కడికే తెస్తారు. కైకలూరు వైపు చెరువుల మీద ఏరేటర్లు ఆగకుండా తిప్పే జనరేటర్లు, గిలకలదిండి రేవు నుంచి వేటకు పోయే మరపడవల ఇంజన్లు, వరికోత మిషన్లు, ట్రాక్టర్లు అన్నిటి పంపులూ ఎప్పుడో ఒకప్పుడు ఈ షాపుల బెంచీ ఎక్కుతాయి. అందుకే టైమింగ్ పద్ధతుల మంచిచెడ్డలు బేరీజు వేయడానికి ఇంతకంటే తగిన చోటు మన వైపు లేదు.

చుక్క పద్ధతితో మొదలుపెడతాను. పాతదని దీన్ని చిన్నచూపు చూడకూడదు. సిలిండరుకో ఎలిమెంట్ చొప్పున వరసగా ఉండే ఇన్‌లైన్ పంపును రాబర్ట్ బాష్ కంపెనీ 1927లో పెద్దఎత్తున తయారుచేయడం మొదలుపెట్టాకే డీజిల్ ఇంజను లారీల్లో విరివిగా వాడకంలోకి వచ్చింది. అంతకుముందు రుడాల్ఫ్ డీజిల్ ఇంజన్లలో ఇంధనాన్ని నొక్కిపట్టిన గాలితో లోపలికి ఊదేవారు. ఆ గాలి కంప్రెసరు బరువుతోనే బండి నిండిపోయేది. మన దేశంలో బాష్ పంపులు చేయడానికి బెంగళూరులో 1951లో పెట్టిన కంపెనీయే మైకో. 2008లో దాని పేరు బాష్ లిమిటెడ్ అయినా, ఆటోనగర్‌లో ఇన్‌లైన్ పంపును ఇవాళ్టికీ మైకో పంపనే అంటారు.

ఈ పంపుల్లో ఎక్కువ వాటికి ప్లంజర్ మీద ఏటవాలు గాడి కింది వైపు ఉంటుంది. అందువల్ల లోడు పెరిగినా తగ్గినా ఇంజెక్షన్ మొదలయ్యే చోటు మారదు, ముగిసే చోటు మాత్రమే మారుతుంది. మొదలు స్థిరంగా ఉంది కాబట్టే దాన్ని ఇంజను ఆపి ఉంచి, నింపాదిగా కొలవవచ్చు.

పని ఇలా సాగుతుంది. మొదటి సిలిండర్ డెలివరీ వాల్వునీ దాని స్ప్రింగునీ తీసేసి, హోల్డరు మళ్ళీ బిగించి, దానికి మెడ వంచిన చిన్న పైపు పెడతారు. యాక్సిలరేటర్ లివరు ఫుల్ డెలివరీ వైపు ఉండాలి. దీన్ని మరిచిపోయి స్టాప్ వైపు ఉంచితే ఎంత తిప్పినా ధార తెగదు. డీజిల్ పైనుంచి దానంతట అది దిగేలా డబ్బా కడతారు. వంపు పైపులోంచి డీజిల్ ధారగా పడుతుంటుంది. అప్పుడు ఫ్లైవీల్‌ను ఇంజను తిరిగే దిక్కుకే మెల్లగా తిప్పుతారు. ధార సన్నబడుతుంది, తీగ సాగుతుంది, చుక్కలవుతుంది. చుక్కకీ చుక్కకీ మధ్య ఎడం పెరిగి, ఇక పడదనిపించే చోట చెయ్యి ఆపాలి. ప్లంజర్ రంధ్రాన్ని మూసిన చోటు అదే. ఫ్లైవీల్ మీద గుర్తు ఎక్కడుందో చూసుకుంటారు. కొంచెం దాటిపోయిందని వెనక్కి తిప్పి అక్కడే ఆపితే గేర్ల మధ్య సందు వల్ల లెక్క తప్పుతుంది. పావు చుట్టు వెనక్కి పోయి, మళ్ళీ తిరిగే దిక్కులోనే రావాలి. మంచి మేస్త్రి చేతిలో ఇదంతా అరగంట పని, ఒక డిగ్రీ తేడాలో వస్తుంది.

ఫ్లైవీల్ గుర్తు తుప్పుపట్టి కనబడకపోతే చాలామంది అంచనా మీద పోతారు. ఆ అవసరం లేదు. టైలరు టేపుతో ఫ్లైవీల్ చుట్టుకొలత తీసి 360తో భాగిస్తే చాలు. చుట్టు 1,260 మిల్లీమీటర్లు వస్తే ఒక డిగ్రీకి మూడున్నర మిల్లీమీటర్లు. 23 డిగ్రీలంటే టీడీసీ గుర్తు నుంచి 80 మిల్లీమీటర్ల పైచిలుకు. సుద్దముక్కతో గీసిన గీతే మూడు మిల్లీమీటర్ల మందం ఉంటుంది కనుక, గీత ఏ అంచు దగ్గర చూశామన్నదే డిగ్రీ తేడా తెస్తుంది. గీతను ములుకుతో గీయండి. ఇంకో జాగ్రత్త: నాలుగు స్ట్రోకుల ఇంజనులో టీడీసీ గుర్తు రెండుసార్లు వస్తుంది. రాకర్లు రెండూ వదులుగా కదిలేదే కంప్రెషన్ స్ట్రోకు. అది చూడకుండా పంపు బిగిస్తే ఇంజను తెల్లపొగ వదిలి ఊరుకుంటుంది, స్టార్ట్ కాదు.

చుక్క పద్ధతికి ఇంకో గుణం ఉంది, దీన్ని ఎవరూ అంతగా చెప్పరు. టైమింగ్‌తోపాటు ఎలిమెంట్ ఆరోగ్యం కూడా ఇది చూపిస్తుంది. కొత్త ఎలిమెంట్‌లో చుక్క తెగినట్టు ఆగుతుంది. అరిగినదానిలో ఆగీ ఆగక జారుతూనే ఉంటుంది. అలాంటి పంపుకి ఎంత జాగ్రత్తగా గుర్తు కలిపినా ఉపయోగం లేదు. ముందు ఎలిమెంట్ మార్చాలి. మరి దీని లోపం? ఇది మొదటి క్షణాన్ని మాత్రమే చూస్తుంది. నోజిల్ స్ప్రింగు సడలి 150 బార్‌కే సూది లేస్తుంటే, చుక్క ప్రకారం టైమింగ్ కచ్చితంగా ఉన్నా స్ప్రే ముందే పడుతుంది. పైగా చూస్తున్నది ఒక్క సిలిండర్‌నే. నాలుగు సిలిండర్ల పంపులో ఎలిమెంట్ల మధ్య ఎడం పంపు తిరిగే లెక్కలో 90 డిగ్రీలు, ఆరింటికి 60. ఆ ఎడం సరిచూడటం బెంచి మీద జరగాలి. పంపు క్రాంకు వేగంలో సగంతో తిరుగుతుంది కాబట్టి పంపు దగ్గర ఒక డిగ్రీ తప్పితే ఇంజను దగ్గర రెండు తప్పుతాయి. బెంచి పని ఎగ్గొట్టి టైమింగ్ ఒక్కటే పెట్టమనే ఓనర్లు ఇది గుర్తుంచుకోవాలి.

శివారు భూముల ఆయిల్ ఇంజనుకి నా ఓటు నిస్సందేహంగా చుక్కకే. అది పొద్దస్తమానం ఒకే వేగంతో తిరుగుతుంది, వేగంతోపాటు టైమింగ్‌ను ముందుకు జరిపే అడ్వాన్స్ దానికి అక్కర్లేదు. పంపు కింద షిమ్ములనే పలుచని రేకులు ఉంటాయి. ఒకటి తీస్తే టైమింగ్ ముందుకు, ఒకటి పెడితే వెనక్కి. పనిముట్లన్నీ ఒక సంచిలో పడతాయి, గట్టు మీదే పని అయిపోతుంది. ఇక్కడ పెద్ద బెడద పద్ధతిలో లేదు, అడిగే తీరులో ఉంది. "మేస్త్రి గారూ, కాస్త పుల్లింగ్ వచ్చేటట్టు టైమింగ్ ముందుకు పెట్టండి" అని రైతు అడుగుతాడు. రెండు షిమ్ములు తీస్తే ఇంజను శబ్దం టకటకా పదునుగా మారుతుంది, బలం వచ్చినట్టు అనిపిస్తుంది. నిజానికి పిస్టన్ ఇంకా పైకి ఎక్కుతుండగానే మంట దాన్ని కిందికి తోస్తోంది. ఆ దెబ్బ రింగుల మీద, బేరింగుల మీద, హెడ్ గ్యాస్కెట్ మీద పడుతుంది. ఒక సీజను బాగానే నడిచి, రెండో సీజనులో ఇంజను దించాల్సి వస్తుంది. చెవితో టైమింగ్ పెట్టే పద్ధతిని నేను పూర్తిగా కాదంటున్నది ఇందుకే. చెవికి వినబడేది మూడో క్షణం, అంటే మంట పుట్టించే దెబ్బ. ఆ దెబ్బ నోజిల్ బట్టి మారుతుంది, డీజిల్ బట్టి మారుతుంది, ఇంజను వేడిని బట్టి కూడా మారుతుంది. అన్నిటినీ కలిపి విని పంపు ఒక్కదాన్నే తిప్పడం రోగం ఒకచోట ఉంటే మందు మరోచోట రాయడమే.

ఇప్పుడు రోటరీ పంపులు. ఒకే ప్లంజరుతోనో ఒకే జత ప్లంజర్లతోనో సిలిండర్లన్నిటికీ వంతులవారీగా డీజిల్ పంచే ఈ పంపు చిన్నది, తేలిక, చవక. లూకాస్ సీఏవీ వాళ్ళ డీపీఏ పంపు 1950ల నుంచీ ఉంది. అంబాసిడర్ డీజిల్ కార్లలో, సింప్సన్ ఇంజన్ల ట్రాక్టర్లలో మన మెకానిక్కులు దీన్ని నేర్చుకున్నారు. బాష్ వీఈ పంపు 1970ల నాటిది. ఇండికా తరం డీజిల్ కార్లతో మనకు బాగా పరిచయమైంది. వేగంతోపాటు టైమింగ్‌ను ముందుకు జరిపే ఏర్పాటు ఈ పంపుల కడుపులోనే ఉంటుంది. లోపలి వేన్ పంపు పుట్టించే ఒత్తిడి వేగంతో పెరుగుతుంది; ఆ ఒత్తిడి ఒక చిన్న పిస్టన్‌ను తోస్తుంది; వీఈలో అది రోలర్ రింగును, డీపీఏలో క్యామ్ రింగును కాస్త తిప్పుతుంది. 600 నుంచి 3,000 చుట్ల దాకా మనం పైన వేసిన లెక్కకు జవాబు ఈ వేలెడంత పిస్టన్.

వీఈ పంపుకి చుక్క పద్ధతి కుదరదు. వెనక మధ్యనున్న ప్లగ్గు విప్పి, అక్కడ డయల్ గేజ్ బిగించి, ప్లంజర్ ఎంత లేచిందో కొలుస్తారు. ప్లంజర్ పూర్తిగా దిగిన చోట గేజును సున్నాకి పెట్టి, ఇంజనును టీడీసీకి తెచ్చి, ముల్లు చూస్తారు. ఇంజనును బట్టి ఒక మిల్లీమీటరుకి అటూఇటూ కంపెనీ చెప్పిన లిఫ్టు రావాలి. రాకపోతే పంపును చట్రంలో తిప్పి సరిచేస్తారు. గేజు మిల్లీమీటరులో నూరోవంతు చూపిస్తుంది కనుక ఇది చుక్క కన్నా సూక్ష్మం. డీపీఏలో పని ఇంకా సులువు: పక్కనున్న చిన్న కిటికీ మూత తీసి, లోపలి అక్షరం ఉన్న గీతను సర్‌క్లిప్ కొసకు కలపాలి. సులువు కాబట్టే నిర్లక్ష్యం కూడా ఎక్కువ. డ్రైవ్ గేర్ల అరుగుదలను ఆ గీత చూపించదు.

డయల్ గేజుతో అసలు ఇబ్బంది వేరే ఉంది. అది ఇంజను ఆగి ఉన్నప్పటి లిఫ్టును చెబుతుంది. పంపు లోపలి అడ్వాన్స్ పిస్టన్ బిగుసుకుపోయినా, వేన్ పంపు అరిగి ఒత్తిడి పడిపోయినా గేజు ముల్లు అదే అంకె చూపిస్తుంది. బండి మాత్రం హైవే ఎక్కగానే పొగ కక్కుతుంది, పికప్ ఉండదు. అప్పుడు పంపును ముందుకు తిప్పి సర్దుబాటు చేస్తారు. హైవే మీద బాగుంటుంది. ఊళ్ళో ఐడ్లింగులో కొట్టుకుంటుంది. రోటరీ పంపు విషయంలో గేజు ఒక్కటీ చాలదు. బెంచి మీద ఏ వేగానికి లోపలి ఒత్తిడి ఎంత, అడ్వాన్స్ పిస్టన్ ఎంత కదులుతోంది అన్నవి చూడని షాపులో రోటరీ పంపు ఇవ్వవద్దని గట్టిగా చెబుతాను.

డెల్టాలో రోటరీ పంపుకి మరో శత్రువు నీరు. ఇన్‌లైన్ పంపు క్యామ్‌కి ఇంజనాయిల్ అందుతుంది. రోటరీ పంపుకి డీజిలే ఆయిలు. డబ్బాలో తెచ్చి వానలో పోసిన డీజిల్‌లో నీళ్ళు చేరితే లోపలి నునుపు ముఖాలు గీసుకుపోతాయి, అడ్వాన్స్ పిస్టన్ తుప్పుతో ఇరుక్కుంటుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు బండ్లు నీళ్ళలో నానాయి. అలా మునిగిన బండి ట్యాంకును కడగకుండా స్టార్ట్ చేస్తే రోటరీ పంపు ఆ రోజే పోయినట్టు లెక్క. అందుకని మెరక రోడ్ల మీద తిరిగే బండికి రోటరీ మంచిదేగాని, కరకట్ట మీదా చెరువు గట్టు మీదా ఉండే ఇంజనుకి ఇన్‌లైన్ పంపే నయం. వాటర్ సెపరేటర్ అడుగున మర రోజూ విప్పి నీరు వదిలే అలవాటున్నవాళ్ళకు ఈ మాట అంతగా వర్తించదు.

ఆగి ఉన్న ఇంజనులో కొలవడం వల్ల వచ్చే చిక్కులకు జవాబు టైమింగ్ లైటు. నోజిల్‌కి పోయే పైపు మీద పీజో క్లాంపు బిగిస్తారు. ఒత్తిడి అల వచ్చినప్పుడు పైపు కంటికి కనబడనంతగా ఉబ్బుతుంది. ఆ ఉబ్బును క్లాంపు కరెంటుగా మార్చి లైటు వెలిగిస్తుంది. నడుస్తున్న ఇంజను ఫ్లైవీల్ గుర్తు ఆ వెలుగులో ఆగినట్టు కనిపిస్తుంది. 800 చుట్ల మీద ఒకసారి, 2,000 మీద ఒకసారి చూస్తే గుర్తు ఎంత జరిగిందో, అంటే అడ్వాన్స్ పనిచేస్తోందో లేదో, రెండు నిమిషాల్లో తేలుతుంది. ఇది కొలిచేది మొదటి, రెండో క్షణాల మధ్యనున్న చోటు, కాబట్టి చుక్క అంకెతో పోల్చేముందు పైపు ఆలస్యం కలుపుకోవాలి. ఆ సంగతి తెలియకే "లైటు తప్పు చూపిస్తోంది" అని పక్కన పడేసినవాళ్ళున్నారు. పైపు మీద పెయింటు గీకి, నోజిల్‌కి దగ్గరగా, ప్రతిసారీ అదే చోట బిగిస్తే ఇది ఎంతో నమ్మకమైన పరికరం. గ్లో ప్లగ్గు రంధ్రంలోంచి మంట వెలుగునే పట్టే ప్రోబులు కూడా ఉన్నాయి. అవి నేరుగా మూడో క్షణాన్ని చెబుతాయి. మసి పట్టడం వాటి బలహీనత.

లారీలకూ కోత మిషన్లకూ పాతరకం పంపు ఉన్నంతవరకూ ఆగి ఉన్నప్పటి కొలతనూ నడిచేటప్పటి కొలతనూ జోడించడమే సరైన మార్గమని నా నిశ్చితాభిప్రాయం: పంపు ఎక్కించేటప్పుడు చుక్క లేదా గేజు, నడిపి చూసేటప్పుడు లైటు.

కామన్ రైలు వచ్చాక బొమ్మ మారిపోయింది. 1997లో ఆల్ఫా రోమియో 156 కారుతో మార్కెట్లోకి వచ్చిన ఈ ఏర్పాటులో పంపు పని ఒత్తిడి పుట్టించడమే. మొదటి తరంలోనే 1,350 బార్. ఎప్పుడు చిమ్మాలో ఈసీయూ అనే కంప్యూటరు నిర్ణయిస్తుంది. క్రాంకు మీదున్న పళ్ళచక్రంలో సాధారణంగా అరవై పళ్ళకి చోటుండి రెండు ఖాళీ. పన్నుకి 6 డిగ్రీలు. ఆ ఖాళీ చూసి సెన్సరు క్రాంకు స్థానం చెబుతుంది, పళ్ళ మధ్య భాగాలను ఈసీయూ లెక్కగట్టుకుంటుంది. ప్రధాన ఇంజెక్షనుకి ముందు కొద్దిగా చిమ్మి మంటను మెల్లగా మొదలుపెట్టే పైలట్ ఇంజెక్షను దీనివల్లే తేలికైంది; కొత్త డీజిల్ కార్లు అంత నిశ్శబ్దంగా నడవడానికి అదే ముఖ్య కారణం. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమలయ్యాక కొత్త లారీకీ కారుకీ వేరే దారి లేదు. జనరేటర్లకు 2023 జులై నుంచి సీపీసీబీ-4 ప్లస్ నిబంధనలు, 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి కొత్త ప్రమాణాలు వచ్చాయి. 50 హెచ్‌పీ లోపు ట్రాక్టర్లు అప్పుడు ఆ ప్రమాణాల బయటే ఉండిపోయాయి. మన ఊళ్ళలో కనిపించేవి ఎక్కువగా అవే. కాబట్టి మెకానికల్ పంపు టైమింగ్ తెలిసినవాడికి డెల్టాలో ఇంకా చాలాకాలం పని ఉంటుంది.

స్కానర్ కుర్రవాడు టైమింగ్ పెట్టే పని లేదన్నది ఒక అర్థంలో నిజం. చాలా కామన్ రైలు ఇంజన్లలో పంపుకి గుర్తులు కలపనక్కర్లేదు. అయితే స్కానర్ మీద కనబడే డిగ్రీలు ఈసీయూ ఇచ్చిన ఆజ్ఞ మాత్రమే. నోజిల్ ఆ ఆజ్ఞను పాటించిందా అన్నది ఆ అంకె చెప్పదు. ఇంజెక్టర్ లోపలి వాల్వు అరిగితే సూది లేచే వేళ మారిపోతుంది, స్కానర్‌లో అంకె మాత్రం చక్కగానే ఉంటుంది. దీన్ని పట్టేది రిటర్న్ లీకు పరీక్ష: ఇంజెక్టర్ల నుంచి వెనక్కి వచ్చే డీజిల్‌ను వేరువేరు సీసాల్లో పట్టి పోల్చడం. కొత్త ఇంజెక్టర్ వేసినప్పుడు దాని మీద చెక్కిన కోడును ఈసీయూలో ఎక్కించకపోవడం మరో సాధారణ తప్పు. కోడు ఎక్కించని ఇంజెక్టర్ కొలత తప్పుగా చిమ్ముతుంది, ఆ ఒక్క సిలిండర్ మిగతావాటితో కలవదు.

సముద్రం మీద పడవకి కామన్ రైలు పెట్టాలా అన్నది ఇంకా తెగని ప్రశ్న. ఉప్పుగాలికి కనెక్టర్లు పచ్చబడతాయి. ఒక్క క్రాంక్ సెన్సరు తీగ తెగితే ఇంజను ఆగిపోతుంది, ఒడ్డు కనబడని చోట. మెకానికల్ పంపు అరిగినా పొగ వదులుతూ ఇంటికి చేరుస్తుంది. డీజిల్ ఆదా లెక్క ఎంత ఉన్నా, వేటకు పోయేవాడి ప్రాణం దానికన్నా ముందు. చెరువు మీది జనరేటర్ సంగతి వేరు: అది గట్టు మీదే ఉంది, 1,500 చుట్ల మీదే తిరుగుతుంది, కొత్తది కొంటే చాలావరకు ఎలక్ట్రానిక్‌దే వస్తుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయే వేళ అది ఆగకుండా ఉండాలంటే స్పేర్ సెన్సరూ ఫిల్టరూ షెడ్డులోనే ఉంచుకోవాలి.

ఇంధనం మారినా టైమింగ్ మారుతుంది. బయోడీజిల్ నొక్కితే డీజిల్ కన్నా తక్కువ కుదించుకుపోతుంది. ఒత్తిడి అల అందులో వేగంగా పోతుంది. అందువల్ల పాతరకం పంపు, పైపు, నోజిల్ ఉన్న ఇంజనులో బయోడీజిల్ పోస్తే ఎవరూ ముట్టుకోకుండానే ఇంజెక్షన్ కొంచెం ముందుకు జరుగుతుంది. కిరోసిన్ కలిసిన డీజిల్‌లో ఇది తలకిందులవుతుంది, పైగా జారుడు గుణం పోయి పంపు అరుగుతుంది. చుక్క పద్ధతి ఈ తేడాను చూపలేదు. టైమింగ్ లైటు చూపిస్తుంది. కామన్ రైలులో ఒత్తిడి ముందే నిలవ ఉంటుంది కనుక ఈ తేడా దాదాపు పోయినట్టే.

రోటరీ పంపు మాట వచ్చింది గనుక రోటరీ ఇంజను గురించి కూడా ఒక మాట. ఫెలిక్స్ వాంకెల్ ఇంజనులో పిస్టన్ పైకీ కిందికీ ఆడదు. మూడు మూలల రోటర్ తిరుగుతుంది. మాజ్డా కార్లలో పేరు పొందిన ఈ ఇంజను ఆటోనగర్ షాపులకు వచ్చే రకం కాదు.  పెట్రోలు వాంకెల్‌లో ఇంధనాన్ని ఇన్‌టేక్ పోర్టులో చిమ్మేటప్పుడు, ప్రతి రోటర్‌కీ దాని వంతు చూసి చిమ్మాలా, అన్నిటికీ ఒకేసారి చిమ్మాలా అన్నది అక్కడి ప్రశ్న. ప్రతి రోటర్ షాఫ్టు చుట్టుకి ఒకసారి పేలుతుంది. 9,000 చుట్ల మీద చుట్టుకి 6.7 మిల్లీసెకన్లే, ఫుల్ లోడులో ఇంజెక్టర్ ఆ కాలంలో చాలా భాగం తెరుచుకునే ఉంటుంది. వంతు చూసినా చూడకపోయినా అక్కడ తేడా స్వల్పం. తక్కువ వేగంలో మాత్రం, పోర్టులోకి గాలి లాక్కునే వేళ చిమ్మితే ఇంధనం గోడలకు అంటుకోకుండా లోపలికి పోతుంది, ఐడ్లింగు కుదురుగా ఉంటుంది. ఎంపిక అక్కడ కూడా వేగం మీదే ఆధారపడింది.

ఇంత చర్చ తర్వాత మన దగ్గర కొరవడింది ఒకటుంది. ఒకే ఇంజను మీద చుక్క, లైటు, మంట ప్రోబు మూడూ పెట్టి, అంకెలు పక్కపక్కన రాసి, తెలుగులో అచ్చు వేసిన పట్టిక మేస్త్రుల చేతికి అందాలి. ఆటోనగర్‌ని ఆనుకునే కానూరులో ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, 23 డిగ్రీల సింగిల్ సిలిండర్ ఇంజన్లు మన కాలేజీ ల్యాబులకు కొత్త కావు, చుక్క చూడగల చేతులు రోడ్డుకి ఇవతలే ఉన్నాయి. ఆ పట్టికలో పైపు పొడవు, నోజిల్ తెరుచుకునే ఒత్తిడి, ఇంజను వేగం, మూడు పద్ధతుల డిగ్రీలు ఉండాలి. ఈలోగా పంపు షాపు బిల్లు మీద కనీసం రెండు సంగతులు రాయించుకోండి: ఏ పద్ధతిలో కొలిచారు, ఎన్ని డిగ్రీలకు లేక ఎంత లిఫ్టుకి బిగించారు. మరుసటి ఏడాది అదే ఇంజను ఇంకో షాపుకి పోయినా, ఆ మేస్త్రి అంచనాతో మొదలుపెట్టనక్కర్లేదు.